పిడికెడు బియ్యం, ఆమె పేరు మీద

మా తోటికోడలంటే నాకు పందొమ్మిదేండ్ల కుళ్లు. ఈ మాట ఒప్పుకోవడానికే సగం బతుకు పట్టింది గని, ఇప్పుడు చెప్తుంటే సిగ్గేం అనిపిస్తలేదు. కుళ్లంటే చీరల మీదనో బంగారం మీదనో కాదు. నాకన్న మంచి చీరలు ఆమెకేం లేవు. మా ఆయన, ఆమె పెనిమిటి అన్నదమ్ములు. ఇద్దరు డోర్నకల్లోనే రైలు పట్టాల మీద పని చేస్తరు. ఇండ్లు పక్కపక్కనే, నడుమ ఒక్క గోడ. ఆ గోడకు ఇటు నేను, అటు ఆమె. నా కుళ్లంత నా బిడ్డ కాడ. నా కడుపుల పుట్టిన పిల్ల నన్ను అమ్మా అంటది, ఆమెను చిన్నమ్మా అంటది. పిలుపులు సక్కగనే ఉన్నయి. కాని చిన్నమ్మా అన్నప్పుడు ఉన్న తీపి అమ్మా అన్నప్పుడు లేకపాయె. నా చెవులకు తెల్వదా?

పిల్ల పుట్టిన నెలకే నాకు పచ్చకామెర్లు అయినయి. కండ్లు పసుపు ముద్దలైనయి, కాళ్లు చేతులు పుల్లలైనయి. మొదట ఖమ్మం దవాఖానల పడ్డ, తర్వాత బయ్యారంల మా అవ్వ ఇంట్ల పడ్డ. అంత కలిసి ఆర్నెల్లు. పిల్లకు పాలియ్యొద్దన్నరు, దగ్గర పండవెట్టుకోవద్దన్నరు. అప్పటికి మా తోటికోడలు కాపురానికొచ్చి ఏడాది కూడ కాలే. భూపాలపల్లి పిల్ల, తండ్రి బొగ్గుబాయిల చేసెటోడు. ఇంటెడు పని మీదేసుకొని, చెంచతోని పాలు పోసి, ఒళ్లె పండవెట్టుకొని నా బిడ్డను ఆమెనే సాకింది.

నేను పానం బాగై ఇంటికొచ్చినరోజు వాడకట్టు ఆడోళ్లంత గడపల నిలవడి చూస్తున్నరు. నేను చేతులు చాపిన. పిల్ల నన్ను చూసి కెవ్వున ఏడ్చి ఆమె మెడ పట్టుకున్నది. అందరు నవ్విన్రు. "పాపం, కొత్త మొకం గద" అన్నది ఒకామె. నేను కూడ నవ్విన. లోపల మాత్రం పొయ్యిల కట్టె అంటుకున్నట్టు అంటుకున్నది. అది మళ్ల ఆరలే.

మేలు చేసినామె మీద కుళ్లేందే అని మీరు అంటరు. మేలు చేసినందుకే కుళ్లు! కీడు చేసుంటే నాలుగు తిట్టి ఊకుంటుంటి. మేలు చేసినామెను ఏమని తిడుతవు? నోరు కట్టేసినట్టే ఉంటది. పిల్లకు జడ ఆమెనే వెయ్యాలె. నేనేస్తే గట్టిగ గుంజుతున్ననంట. జ్వరమొస్తే ఆమె చేతి గంజే తాగాలె. నా గంజిల ఉప్పు ఎక్కువంట. ఆమెకు పిల్లలు కాలే. మానుకోట, వరంగల్ అన్ని దవాఖానలు తిరిగిన్రు, కాలే. అందరు ఆమెను చూసి అయ్యో అనెటోళ్లు. ఆ అయ్యో మీద కూడ నాకు కుళ్లే. నా బిడ్డ నన్ను చూస్తలేదు, నాకెవ్వరు అయ్యో అంటరు?

మూడేండ్ల కింద పదో తరగతి రిజల్టు వచ్చిన రోజు అంత బయటపడ్డది. పిల్ల దోస్తు ఇంట్ల ఫోన్ల చూసుకొని వాడంత ఉరికొస్తున్నది. నేను పొద్దటి సంది వాకిట్ల నిలవడ్డ, గిన్నెల చక్కెర పట్టుకొని. మొకం చూస్తేనే పాసైందని తెలుస్తనే ఉన్నది. దగ్గరికొచ్చింది. నా ముందుకెల్లి ఉరికి, పక్కింటి వాకిట్లకు పోయి, "చిన్నమ్మా, పాసైన!" అని అరిచింది. నా చేతుల చక్కెర అట్లనే ఉన్నది.

నేను గిన్నె అక్కడనే ఇసిరేసి పోయిన. ఆమె నా బిడ్డను వాటేసుకొని ఉన్నది. ఏమన్ననో నాకు బాగ యాదికున్నది, మర్శిపోయిన అంటే అబద్ధం. "గొడ్రాలా, నీ కడుపుల పుట్టలే అది. నేను సస్తే నా బిడ్డను ఎత్తుకుందామని ఆనాడే కాసుకొని కూసున్నవ్" అన్న. వాడంత ఇన్నది. పిల్ల ఇన్నది. అది నా దిక్కు చూసిన చూపు ఇప్పటికి కండ్లల్ల మెదుల్తది.

ఆమె మొకం తెల్లగైంది, లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకున్నది. నోరు మూతపడ్డది చూడు, గెలిసిన అనుకున్న. ఆ దినం నుంచి మా నడుమ మాటల్లేవు.

మేము తాతల నాటి నుంచి చర్చికి పోయెటోళ్లం. నెలకోసారి సంస్కారం ఉంటది, ఏసు ప్రభువును తలుసుకొని రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటరు. ఎవరితోనన్న పగ ఉన్నోళ్లు ముందు పోయి సమాధానపడి, తర్వాత రొట్టె తీసుకోవాలె అని పాస్టరు అయ్యగారు ప్రతిసారి చెప్తడు. చెప్పినంక అందరు లేసి ముందుకుపోయి మోకాళ్లు వేస్తరు. ఆ లొల్లి అయినకాడి నుంచి మా తోటికోడలు ముందుకు వచ్చుడు బంద్ చేసింది. వెనుక బల్ల మీద తలకాయ వంచుకొని కూసునేది. నేను మాత్రం నిటారుగ పోయి మోకాళ్లేసి తీసుకునేదాన్ని. తప్పు ఎవరిదో అందరికి కనవడుతనే ఉన్నది గద అని నాకు లోలోపల సంతోషం. తిరిగొచ్చేటప్పుడు ఆమె బల్ల పక్కకెల్లి ఒక అడుగు నిమ్మలంగ వేసేదాన్ని.

ఇగ పిడికెడు బియ్యం సంగతి. ఇది మా అత్త కాలం నుంచి ఉన్నదే. అన్నం వండేటప్పుడు ఎసట్ల పోసే బియ్యం కొలుసుకొని, కడిగే ముందు అందులకెల్లే ఒక పిడికెడు తీసి దేవుని డబ్బల వెయ్యాలె. మనం తినేదాంట్లకెల్లి తియ్యాలె, అది లెక్క. ఆ పూట ఇంట్ల పిడికెడు తక్కువ తింటరు. డబ్బ నిండినంక చర్చిల పోస్తం, లేనోళ్లకు పోతది.

ఈ ఏడాది, ఈస్టరుకు ముందటి శ్రమల దినాలు మొదలైనప్పుడు, అయ్యగారి భార్య, మేము అమ్మగారు అంటం, ఆడోళ్లనందరిని కూసోబెట్టి ఒక మాట చెప్పింది. "ఈ నలబై దినాలు పిడికెడు ఊకెనే వెయ్యకున్రి. మీకు ఎవరంటే పడదో వాళ్లను మనసుల తలుసుకొని, వాళ్లకు మేలు చెయ్యి దేవా అని వెయ్యిన్రి. శత్రువును ప్రేమించుడు అంటే నోటితోని కాదు, మన ముద్దలకెల్లి ఒక ముద్ద వాళ్ల పేరు మీద తీసుడు. ఈస్టరునాడు ఆ బియ్యమే వండుకొని అందరం ఒక్కకాడ కూసొని తిందాం" అన్నది.

నాకు మస్తు నచ్చింది. ఎందుకంటే నేను క్షమించేదాన్ని, ఆమె క్షమింపబడేది. పేరు వెతుక్కునే పనే లేదు నాకు. ఇంటికొచ్చి మా అత్త డబ్బ బయటికి తీసిన. దానికి మూత ఎప్పుడో పోయింది, పాత చీర గుడ్డతోని వాసెన కట్టేదాన్ని.

మొదటి నాడు సన్నబియ్యంలకెల్లి పిడికెడు తీసిన. తీసి డబ్బ మీద చెయ్యి పెట్టి ఆమె పేరు అనుకున్నంక, నా పిడికిలి తెరుచుకోలే. నిజం చెప్తున్న, వేళ్లు రాలే. నా పిల్లను తిన్నది సాలదా, నా బియ్యం కూడానా అనిపించింది. ఆ బియ్యం మళ్ల గిన్నెలనే పోసిన. అటక కింద ఒక మూట ఉండె, ఎప్పటిదో రేషన్ దొడ్డు బియ్యం. ఇప్పుడు రేషన్ల కూడ సన్నబియ్యమే ఇస్తున్నరని ఆ మూటను మర్శిపోయినం. ముక్కిపోయింది, పురుగు పట్టింది. అందులకెల్లి ఒక పిడికెడు తీసి డబ్బల పడేసిన. "ఆమెకు మేలు చెయ్యి దేవా, కాని ముందుగాల బుద్ధి చెప్పు" అన్న. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, సర్కారు ఇచ్చిన బియ్యం, అది కూడ పురుగుల బియ్యం, దేవునికి పెట్టి క్షమాపణ అనుకున్న. నలబై దినాలు అదే చేసిన. పైంగ రోజు పొద్దుగాల వేసేటప్పుడు, ఎంత మంచిదాన్నో అని మురుసుకునేదాన్ని.

ఈ ఏడే నా బిడ్డ మొదటిసారి సంస్కారం తీసుకోవాలె. తరగతులు అయిపోయినయి, ఈస్టరునాడని ఖాయమైంది. తర్వాత జనగామల నర్సింగ్ చదువ పోతది, హాస్టల్ల ఉంటది. తెల్లచీర కొని పెట్టిన. ముందు వరుసల అది మోకాళ్లేస్తే, పక్కన నేను. ఆ ఒక్క పొద్దన్న అందరి ముందట అది నా బిడ్డగ కనవడాలె. నేను కోరుకున్నది గంతే. పండుగ ఇంక నాలుగు దినాలుందనగ, అది అన్నం తినుకుంట తలకాయ లేపకుండ అన్నది:

"అమ్మా, నువ్వు చిన్నమ్మతోని మాట్లాడకుంటే నేను రొట్టె ముట్ట. అయ్యగారికి కూడ చెప్పిన."

"నేనెప్పుడో క్షమించిన. రోజు ఆమె పేరు మీద పిడికెడు వేస్తున్న, చూస్తలేవా?"

"క్షమించినవా? ఆమెకు చెప్పినవా మరి?"

"ఆమెకెందుకు చెప్పాలె? దేవునికి చెప్పిన, చాలదా?"

"అబ్బో," అన్నది. లేసి కంచం కడుక్కున్నది. "తిట్టుడేమో వాడంతకు వినవడేటట్టు. క్షమించుడు మాత్రం డబ్బల."

నాకు కారం రాసినట్టైంది. ఈ మాట నీకు ఆమెనే నేర్పిందా అని అడగవోయిన, మింగిన. మొండి పిల్ల, అన్నదంటే అన్నదే. నేను మాట్లాడకపోతే అది ముందుకు రాదు. జనగామకు పోతది, ఇగ నా చేతికి చిక్కదు.

ఈస్టరుకు ముందు శనివారం మధ్యాహ్నం ఆడోళ్లందరం చర్చి వరండల చాటలు పట్టుకొని కూసున్నం. పొద్దునికి వండే బియ్యం ఏరాలె. ఎవరి డబ్బ వాళ్లు తెచ్చి ఒక్కకాడ పెడితే, అమ్మగారు ఒక్కో డబ్బ ఒక్కొక్కరి చాటల గుమ్మరిస్తున్నది. ఇది నేను అనుకోలే. అన్ని ఒక్క గోనెసంచిల పోస్తరు, ఎవరిదేదో ఎవరికి తెల్వది అనుకున్న. గుడ్డ వాసెన కట్టిన నా డబ్బ ఎత్తింది. చూస్తుండంగనే పోయి మా తోటికోడలి చాటల గుమ్మరించింది.

దొంగకు తేలు కుట్టినట్టైంది నా పని. ఆమెకు రెండు చేతుల దూరంల కూసున్న. ఆ డబ్బ ఆమెకు తెల్వదా? అత్త ఉన్నన్నాళ్లు ఆమె కూడ దాంట్లనే పిడికెడు వేసింది. నల్లపురుగులు చాట అంచులకు పాకుతున్నయి. ముక్కిన వాసన నా కాడికి వస్తున్నది. ఇగ చూడు, ఇప్పుడు ఎత్తి అందరికి చూపిస్తది, చూపించాలె గద, నేనైతే చూపిస్త అనుకున్న.

ఆమె కొంగు చాట మీదికి లాగింది. పక్కామెకు కనవడకుండ కొద్దిగ అటు తిరిగింది. చాటను ఎండల పెట్టి, పురుగులు పోయేదాక ఆగి, చెరిగి, ఒక్కొక్క రాయి ఏరవట్టింది. ఎవరో "ఏందే, నీ చాటనే ఆలిశమైతున్నది" అంటే, "నా కండ్లు సక్కగ అవుపడ్తలేవు వదినా" అన్నది.

ఇగ నాకు ఎట్లుంటది? మంచితనంల కూడ నన్ను దాటిపోయింది! బిడ్డను తీసుకున్నది, ఇప్పుడు క్షమించుడు కూడ తీసుకున్నది. నాకేం మిగిల్చింది? నా చాట తీసుకొని పోయి ఆమె ముందట కూసున్న. మూడేండ్లకు మొదటి మాట:

"నీ డబ్బ ఎవరి పేరు మీద వేసినవే?"

నా పేరే చెప్తదని నాకు ఖాయం. చెప్తే, చూసినవా, నీకు కూడ నేనంటే పడదు అందామని.

ఆమె చేతులు ఆగినయి. "నా పేరు మీదనే వేసుకున్న అక్కా," అన్నది.

"నీ పేరు మీద నువ్వేంది?"

వరండ అవుతల పిల్లలు మామిడికాయలకు రాళ్లేస్తున్నరు. ఆమె బియ్యంల వేలు పెట్టి గీత గీసుకుంట, నాకొక్కదానికే వినవడేటట్టు చెప్పింది.

"నువ్వు ఆనాడు అన్నది నిజమే. నువ్వు దవాఖానల ఉన్నప్పుడు ఒకనాడు పొద్దుగాల పక్కింటోళ్ల ఫోన్ మోగింది. నీ పానం బాగలేదని ముందటి దినమే చెప్పిన్రు. పిల్ల నా ఒళ్లె ఉన్నది. ఇగ అక్క పోయినట్టుంది, పిల్ల నాదైతది అనుకున్న. నా పానం సల్లవడ్డదక్కా. ఒక్క నిమిషం. ఫోన్ల బావ, నువ్వు లేసి కూసున్నవని, గంజి తాగినవని చెప్పిండు. నేను ఏడ్సిన. అక్క బతికిందని ఏడుస్తున్నది అని అత్త నన్ను దగ్గరికి తీసుకున్నది. నేను ఎందుకేడ్సిననో దేవునికి ఎరుక. నువ్వు వాకిట్ల ఆ మాట అన్ననాడు, నీకెట్ల తెలిసింది అనుకున్న. ఆనాటి సంది ఆ రొట్టె ముట్ట భయమైంది."

ఉన్నదున్నట్టు చెప్తున్న. మొదలు వచ్చింది కోపం కాదు, ఊరట. పందొమ్మిదేండ్లు నా కడుపుల ఏదో చెప్తనే ఉండె, నేను పిచ్చిదాన్ని కాదు అని. తర్వాత వచ్చింది కోపం. నేను సావాల్నని చూసినవా, నేను ఇంటికొచ్చినంక నా మంచం పక్కకొచ్చి నా కాళ్లు ఒత్తినదానివి! చెయ్యి లేసింది కూడ. అప్పుడు ఆమె చాట దిక్కు చూసిన. ఒక పక్క తెల్లగ ఏరిన బియ్యం, ఒక పక్క పురుగులు, రాళ్లు. నలబై దినాలు ఆమె పేరు చెప్పి నేను వేసినయి. కొంగు ఇంక వాటి మీదనే కప్పి ఉన్నది.

లేసిన చెయ్యి ఏం చెయ్యాల్నో తెల్వక ఆ రాళ్లు ఏరిన.

"నువ్వు మనసుల ఒక్క నిమిషం అనుకున్నవ్," అన్న. "నేను నిన్ను గొడ్రాలా అని వాడంత వినంగ అన్న. పిల్ల వినంగ అన్న. అది తప్పు. మస్తు తప్పు. ఈ బియ్యం కూడ."

ఆమె ఏడుస్తున్నది, చప్పుడు లేకుండ. "నన్ను క్షమించినవా అక్కా?"

"నాకేం తెల్సు? ఇప్పుడే గద చెప్పినవ్. జర ఆగు."

ఏడ్పుల్నే ఆమెకు నవ్వొచ్చింది. నాకు రాలే. నిజంగనే నాకు తెల్వలే. ఇన్నేండ్లు ఆమె చెయ్యని తప్పులు క్షమించుకుంట వచ్చిన, అది అల్కగనే అయింది. చేసిన తప్పు చేతికిస్తే, అది బరువున్నది. అయినా "రేపు ముందటికి రా" అన్న. "వెనుక కూసోకు. నువ్వు రాకుంటే పిల్ల రాదు."

తెల్లారి స్నానం చేసి పిల్ల తెల్లచీర పట్టుకొని నిలవడ్డది. నా దిక్కు చూసింది. "మాట్లాడినవా?" అన్నది. నేను గోడ కాడికి పోయిన. మూడేండ్లయింది ఆ గోడ మీదికెల్లి పిలవక. "చెల్లె, జర ఇటు రా. పిల్లకు చీర కట్టాలె" అన్న.

ఆమె చేతులు తుడుసుకుంట వచ్చింది. నేను పిన్నులు పట్టుకొని ఉన్న. ఆ చీర నేను కట్టాలని ఎన్ని దినాల సంది అనుకున్ననో, ఎన్నిసార్లు మంచం మీద పరిసి మడతలు పెట్టి చూసుకున్ననో నాకే తెలుసు. పిన్నులు ఆమె చేతుల పెట్టిన. "నువ్వు కట్టు. నాకంటె నీకు మంచిగొస్తది," అన్న. కడుపు మండలే అంటే అబద్ధం. మండింది.

ఆమె చుట్టు తిప్పింది, కుచ్చిళ్లు పోసింది. "అక్కా, కింద జర పట్టు, ఎగుడుదిగుడైతున్నయి" అన్నది. నేను కింద మోకాళ్ల మీద కూసొని, కుచ్చిళ్లు ఒక్కొక్కటి గుంజి సమానం చేస్తున్న. పైన వాళ్లిద్దరి మొకాలు దగ్గర దగ్గర ఉన్నయి, నవ్వుకుంట ఏదో మాట్లాడుకుంటున్నరు. నాకు పిల్ల పాదాలే కనవడుతున్నయి. పుట్టిన నెలనాడు చూసినట్టే ఉన్నయి, ఆ బొటనవేలు మా అవ్వది.

"కదలకు," అన్నది చిన్నమ్మ.

పిల్ల తూలవోయి, పడకుండ నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. చీర కట్టుడు అయిపోయింది. అది చెయ్యి తియ్యలే.